కలకత్తా పోలో క్లబ్బు

పశ్చిమ బెంగాల్ రాజధాని కోల్‌కతాలోని పోలో క్రీడా సంస్థ. 1862లో స్థాపితమైంది. నేటికీ కొనసాగుతున్న పోలో క్లబ్బుల్లో ప్రపంచంలోకెల్లా పాతదిగా దీనికి గుర్తింపు ఉంది. నగరం నడిబొడ్డున ఉన్న మైదాన్‌లో, గుర్రపు పందేల బాట లోపలి భాగంలో క్లబ్బు ఆటస్థలం ఉంది. 1880లో మొదలైన ఎజ్రా కప్పు పోటీ ఈ క్లబ్బు ఆధ్వర్యంలోనే జరుగుతుంది. నగరం పేరు 2001లో కోల్‌కతాగా మారినా క్లబ్బు మాత్రం పాత పేరుతోనే వ్యవహారంలో ఉంది.

నిర్వచనం, పరిధి

పోలో గుర్రాల మీద ఆడే జట్టు ఆట. గుర్రం మీద స్వారీ చేస్తూ పొడవైన కర్రతో బంతిని కొట్టి ప్రత్యర్థి గోల్ స్తంభాల మధ్యకు పంపడం ఆటగాడి లక్ష్యం. గుర్రం మీద నుంచి బంతిని కొట్టే ఆటలు ఆసియాలో చాలాచోట్ల పూర్వం నుంచి ఉన్నాయి. పారశీక దేశంలోనూ, మొగలాయీ దర్బారులోనూ దీన్ని చౌగాన్ అనేవారు. ఢిల్లీ సుల్తాను కుతుబుద్దీన్ ఐబక్ 1210లో లాహోర్‌లో చౌగాన్ ఆడుతూ గుర్రం మీద నుంచి పడి మరణించాడు. అక్బరు ఈ ఆటను బాగా ఇష్టపడేవాడు. చీకటి పడ్డాక కూడా ఆడేందుకు మోదుగ కర్రతో చేసిన బంతులకు నిప్పంటించి వాడేవారని ఆయిన్-ఇ-అక్బరీ చెబుతుంది.

మొగలుల ప్రాభవం తగ్గాక మైదాన ప్రాంతాల్లో చౌగాన్ దాదాపు కనుమరుగైంది. హిమాలయ ప్రాంతాలైన గిల్గిత్, బాల్టిస్తాన్, లడఖ్‌లలోనూ, ఈశాన్యాన మణిపూర్‌లోనూ మాత్రం ఆట ఆగలేదు. నేడు ప్రపంచమంతటా ఆడుతున్న ఆధునిక పోలో ప్రధానంగా మణిపూర్ ఆట నుంచి వచ్చింది. కొండల నడుమ ఉన్న ఒక లోయ ఆటను లిఖిత నియమాలున్న క్లబ్బు క్రీడగా మార్చి రేవు నగరానికి, అక్కడి నుంచి సైనిక శిబిరాలకు చేర్చిన క్రమంలో కలకత్తా పోలో క్లబ్బుది కీలక స్థానం.

పూర్వరంగం: మణిపూర్, సగోల్ కాంగ్జేయ్

మణిపూర్‌లోని మైతేయి ప్రజలు ఈ ఆటను సగోల్ కాంగ్జేయ్ అంటారు. దానికి అక్కడ క్రీడగానే కాక మతపరంగానూ స్థానం ఉంది. మార్జింగ్ దేవుణ్ణి ఈ ఆటకు, గుర్రానికి అధిదేవతగా కొలుస్తారు. రాజవంశ చరిత్ర గ్రంథమైన చైతరోల్ కుంబాబా నోంగ్డా లైరెన్ పాఖంగ్బా పాలన క్రీ.శ. 33లో మొదలైందని చెబుతుంది. ఆట పుట్టుకను ఆయన కాలంతోనో, అంతకన్నా ముందరి రాజులతోనో ముడిపెట్టే కథనాలు మణిపూర్ సంప్రదాయంలో ఉన్నాయి.

సంప్రదాయ ఆటలో జట్టుకు ఏడుగురు. గోల్ స్తంభాలు ఉండవు. మైదానం చివరి గీతను బంతి దాటితే గోల్. బంతిని వెదురు దుంపతో చేస్తారు. ఆటగాళ్లు ధోవతిని మోకాళ్ల పైకి ఎగగట్టి, తలపాగా చుట్టుకుని ఆడతారు. పిక్కలకు దెబ్బ తగలకుండా తొడుగులు వేసుకుంటారు. జీనుకు రెండు పక్కలా వేలాడే దళసరి తోలు పలకలు ఆటగాడి కాళ్లకూ గుర్రం డొక్కలకూ రక్షణ ఇస్తాయి. ఇంఫాల్‌లోని మపాల్ కాంగ్జేయ్‌బుంగ్ నేటికీ ఆట జరుగుతున్న పోలో మైదానాల్లో ప్రపంచంలోనే అతి పాతదిగా పేరుపొందింది.

ఆట మణిపూర్ పొలిమేర దాటడానికి యుద్ధం కారణమైంది. 1819 నుంచి 1826 వరకు మణిపూర్ బర్మా సైన్యాల ఆక్రమణలో నలిగింది. మణిపూర్ చరిత్రలో ఈ కాలాన్ని ఏడేళ్ల విధ్వంసంగా చెప్పుకుంటారు. ఆ రోజుల్లో వేలాది మంది పొరుగునున్న కచార్ లోయకు వలస వెళ్లారు. తమ గుర్రాలనూ ఆటనూ వెంట తీసుకెళ్లారు. బ్రిటిష్ అధికారులు ఈ ఆటను తొలిసారి దగ్గర నుంచి చూసింది కచార్‌లోనే.

కచార్ దశ: సిల్చర్ క్లబ్బు

1850ల్లో కచార్‌లో తేయాకు తోటలు విస్తరించసాగాయి. ఆ జిల్లా పాలనాధికారి కెప్టెన్ రాబర్ట్ స్టూవర్ట్, బెంగాల్ సైన్యానికి చెందిన లెఫ్టినెంట్ జోసెఫ్ షేరర్ అక్కడి మణిపురీల ఆట చూసి ఆకర్షితులై, వారితో కలిసి ఆడడం నేర్చుకున్నారు. 1859లో సిల్చర్‌లో స్టూవర్ట్ బంగళాలో సమావేశమై కొందరు తోటల యజమానులతో కలిసి క్లబ్బును ఏర్పాటు చేశారు. యూరోపియన్లు స్థాపించిన తొలి పోలో క్లబ్బు ఇదే. అప్పటిదాకా అలవాటుగా నడిచిన ఆట పద్ధతులను నియమాలుగా రాసుకునే ప్రయత్నం కూడా 1860ల్లో ఇక్కడే మొదలైంది.

సిల్చర్ క్లబ్బు ఆ తరువాత కొనసాగలేదు. కలకత్తా క్లబ్బుకు దక్కిన ప్రాచీనతను ఈ దృష్టితో అర్థం చేసుకోవాలి (చూ. ప్రాచీనతపై భిన్నాభిప్రాయాలు).

స్థాపన

కలకత్తా అప్పటికి బ్రిటిష్ ఇండియా రాజధాని. గవర్నర్ జనరల్ కొలువు, ఫోర్ట్ విలియం కోటలోని సైన్యం, వ్యాపార సంస్థలు, గుర్రపు పందేలు అన్నీ అక్కడే ఉండేవి. మైదాన్‌లో పందేల బాట 1820 నుంచే ఉంది. పందేలను నిర్వహించే టర్ఫ్ క్లబ్బు 1847లో ఏర్పడింది. గుర్రాలు, వాటిని సాకే పనివారు, శాలలు, చదునైన పచ్చిక నేల ముందే సిద్ధంగా ఉన్నందున పోలో అక్కడ నిలదొక్కుకోవడం సులువైంది.

షేరర్, స్టూవర్ట్‌ల చొరవతో 1862లో కలకత్తా పోలో క్లబ్బు ఏర్పడింది. 1864లో షేరర్ ఒక మణిపురి జట్టును కలకత్తాకు తీసుకొచ్చాడు. బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్ అనే పేరుతో ప్రసిద్ధమైన ఈ జట్టు చిన్న గుర్రాల మీద ఆడి స్థానిక యూరోపియన్ జట్టును ఓడించింది. తమకు నేర్పినవారు ఆటలో ఎంత ముందున్నారో కలకత్తా ఆటగాళ్లకు ఈ పోటీతో తెలిసివచ్చింది. ఆధునిక పోలో పితామహుడన్న బిరుదు తరువాతి కాలంలో షేరర్‌కు స్థిరపడింది. ఆయనకు ఆట నేర్పిన కచార్ మణిపురీల పేర్లు చాలావరకు చరిత్రకెక్కలేదు.

విస్తరణ (1864–1892)

కలకత్తా నుంచి ఆట రెండు దారుల్లో వ్యాపించింది.

మొదటిది సైనిక మార్గం. రెజిమెంట్లు రెండు మూడేళ్లకోసారి ఒక కంటోన్మెంటు నుంచి మరొక దానికి మారేవి. ఆటా వాటితోపాటే మారేది. ఉత్తర భారతంలోని అశ్విక దళాలకు పోలో నిత్య వ్యాసంగమైంది. స్వారీలో నేర్పు, వేగంగా నిర్ణయం తీసుకోవడం, జట్టుగా కదలడం యుద్ధ శిక్షణకు పనికొస్తాయని సైనికాధికారులు భావించారు.

రెండవది సముద్ర మార్గం. 1868లో మాల్టాలో పోలో క్లబ్బు ఏర్పడింది. 1869లో ఇంగ్లండులోని టెంత్ హుస్సార్స్ అశ్విక దళ అధికారులు పత్రికలో ఈ ఆట గురించి చదివి ఆడి చూశారు. 1870ల మధ్యలో లండన్‌లోని హర్లింగ్‌హామ్ క్లబ్బు నియమావళిని ప్రకటించింది. అదే దశకంలో ఆట అర్జెంటీనాకు, 1876లో అమెరికాకు చేరింది.

ఈ క్రమంలో ఆట రూపం మారింది. ఆటగాళ్ల సంఖ్య క్రమంగా తగ్గి 1880ల నాటికి జట్టుకు నలుగురుగా స్థిరపడింది. గోల్ స్తంభాలు వచ్చాయి. గుర్రాల ఎత్తు పెరిగింది. 1892లో ఇండియన్ పోలో అసోసియేషన్ ఏర్పడి దేశంలోని పోటీలనూ నియమాలనూ ఏకరీతికి తెచ్చింది. 

ప్రాభవ దశ (1892–1939)

శీతాకాలంలో వైస్రాయ్ పరివారం సిమ్లా నుంచి కలకత్తాకు తిరిగివచ్చేది. క్రిస్మస్ రోజుల్లో గుర్రపు పందేలు, పోలో పోటీలు, విందులు ఒకేసారి జరిగేవి. ఇండియన్ పోలో అసోసియేషన్ ఛాంపియన్‌షిప్‌కు కలకత్తా చాలా ఏళ్లు వేదికగా నిలిచింది. రాజధానిని ఢిల్లీకి మారుస్తున్నట్టు 1911 డిసెంబరులో ప్రకటించిన తరువాత కూడా ఈ పోటీల కాలం కొనసాగింది. కలకత్తా తేయాకు, జనపనార వ్యాపారాలకు కేంద్రం కావడమే దీనికి ప్రధాన కారణం.

స్వదేశీ సంస్థానాధీశులు ఈ దశలో ఆటకు ముఖ్య పోషకులు. కూచ్ బెహార్ రాజకుటుంబం కలకత్తాలో వుడ్‌లాండ్స్ భవనంలో ఉంటూ శీతాకాలపు పోలోను ప్రోత్సహించింది. జైపూర్ మహారాజు రెండవ సవాయి మాన్‌సింగ్ పోలో కోసం కలకత్తాకు వచ్చి వుడ్‌లాండ్స్‌లో బస చేసేవాడు. కూచ్ బెహార్ రాకుమారి గాయత్రీదేవితో ఆయనకు పరిచయం అయింది ఆ రోజుల్లోనే. వారి వివాహం 1940లో జరిగింది.

మాన్‌సింగ్, రావు రాజా హనుత్ సింగ్, రావు రాజా అభయ్ సింగ్, బారియాకు చెందిన పృథీ సింగ్‌లతో కూడిన జైపూర్ జట్టు 1933లో ఇంగ్లండు పర్యటనలో ఆ ఏడాది ముఖ్య పోటీలన్నీ గెలిచింది. ఆ తరం ఆటగాళ్లు ఇంగ్లండు వెళ్లే ముందు పదునెక్కింది కలకత్తా, ఢిల్లీ వంటి నగరాల్లో జరిగిన దేశీయ పోటీల్లోనే.

తెలుగు ప్రాంతాలతో సంబంధం

బెంగాల్‌లో ఆట క్లబ్బు ఆధారంగా సాగితే, దక్కన్‌లో సంస్థాన సైన్యం, కంటోన్మెంటు ఆధారంగా ఎదిగింది. హైదరాబాద్ నిజాం సైన్యాధిపతి అఫ్సరుల్ ముల్క్ పేరున్న ఆటగాడు, పోషకుడు. ఆయన తీర్చిదిద్దిన గోల్కొండ బ్రిగేడ్ జట్టును 1890ల్లో దక్షిణ భారతంలో మేటి జట్టుగా లెక్కించేవారు. 1896లో భారత్‌కు వచ్చిన ఫోర్త్ హుస్సార్స్ రెజిమెంట్ కొద్ది వారాల్లోనే హైదరాబాద్‌లో జరిగిన గోల్కొండ కప్పు పోటీలో ఆ జట్టును ఓడించింది. విజేత జట్టులో నాటి యువ అధికారి విన్‌స్టన్ చర్చిల్ ఉన్నాడు.

ఆంధ్ర ప్రాంతంలోని కొలంక రాజా బహూకరించిన కొలంక కప్పు సుమారు 6 అడుగుల ఎత్తుంటుంది. క్రీడా ట్రోఫీల్లో ప్రపంచంలో అతి ఎత్తైనదిగా గిన్నిస్ గ్రంథంలో నమోదైంది. దీనికోసం భారత పోలో జట్లు పోటీపడతాయి.

క్షీణత, పునరుద్ధరణ

రెండవ ప్రపంచ యుద్ధం పోలోను గట్టి దెబ్బ తీసింది. అశ్విక దళాలు గుర్రాలను విడిచి ట్యాంకులకు మారాయి. 1947 తరువాత బ్రిటిష్ అధికారులు వెళ్లిపోయారు, సంస్థానాలు దేశంలో విలీనమయ్యాయి. 1971లో రాజభరణాల రద్దుతో రాజకుటుంబాల పోషణ మరింత తగ్గింది. కలకత్తాలో యూరోపియన్ వ్యాపార సంస్థలు చేతులు మారడంతో క్లబ్బు సభ్యత్వమూ పోటీల సంఖ్యా పడిపోయాయి.

దేశంలో ఆట నిలవడానికి ముఖ్యంగా సైన్యం ఊతమైంది. పాత సంస్థానాల అశ్విక దళాలను కలిపి 1953లో ఏర్పాటుచేసిన 61వ కావల్రీ నేటికీ గుర్రాలతో కొనసాగుతున్న అరుదైన సైనిక దళాల్లో ఒకటి. అనేకమంది భారత పోలో క్రీడాకారులు ఇందులో నుంచే వచ్చారు. 1957లో ఫ్రాన్స్‌లోని డోవిల్‌లో మాన్‌సింగ్, హనుత్ సింగ్, కిషన్ సింగ్, బిజయ్ సింగ్‌ల జట్టు ప్రపంచ కప్పు పేరుతో జరిగిన పోటీని గెలుచుకుంది.

21వ శతాబ్దిలో స్థానిక వ్యాపార కుటుంబాలు, సైన్యం చేయూతతో కలకత్తా క్లబ్బు కార్యకలాపాలు మళ్లీ పుంజుకున్నాయి. క్లబ్బు 150 ఏళ్ల పండుగ జరుపుకుంది. పాత ట్రోఫీలను తిరిగి పోటీల్లోకి తెచ్చింది.

ఆటస్థలం

మైదాన్ విశాలమైన పచ్చిక భూమి. ఫోర్ట్ విలియం కోట ముందు ఫిరంగుల గురికి అడ్డులేకుండా ఖాళీగా ఉంచిన ప్రదేశం అది. నేటికీ ఆ భూమి సైన్యం అధీనంలో ఉంది. అందువల్ల దాని మీద శాశ్వత కట్టడాలకు అనుమతి దొరకడం కష్టం. పందేల బాట లోపలి క్లబ్బు ఆటస్థలం పాట్ విలియమ్సన్ పేరుతో ఉంది. ప్రేక్షకుల వెనక ఒకవైపు విక్టోరియా మెమోరియల్ గుమ్మటం కనిపిస్తుంది.

గంగా మైదానపు ఒండ్రు నేల వానాకాలంలో మెత్తబడి గిట్టలు దిగబడతాయి. అందుకే ఆట కాలం శీతాకాలానికే పరిమితం. ఆట నడుమ విరామంలో ప్రేక్షకులు మైదానంలోకి దిగి గిట్టలు పెళ్లగించిన మట్టిబెడ్డలను కాళ్లతో తొక్కి చదును చేయడం పోలోలో ఆనవాయితీ. నేల ఎగుడు దిగుడుగా ఉంటే బంతి దారి తప్పుతుంది, గుర్రం కాలు మడతపడుతుంది.

ట్రోఫీలు

ఎజ్రా కప్పు: 1880లో మొదలైంది. కలకత్తాలో స్థిరపడిన యూదు వర్తక కుటుంబం ఎజ్రాల పేరుతో ఉంది. ఇంకా పోటీలో ఉన్న పోలో ట్రోఫీల్లో అత్యంత పాతవాటిలో మొదట చెప్పేది దీన్నే.

కార్మైకేల్ కప్పు, స్టూవర్ట్ కప్పు: 20వ శతాబ్దిలో చేరినవి. ఎజ్రా కప్పుతో కలిపి ఈ మూడూ క్లబ్బు సంప్రదాయ ట్రోఫీలు.

ఆట నిర్మాణం, నియమాలు

*మైదానం.* పొడవు 300 గజాలు. అంచులకు చెక్క పలకలు ఉంటే వెడల్పు 160 గజాలు, లేకుంటే 200 గజాలు. గోల్ స్తంభాల మధ్య దూరం 8 గజాలు. గుర్రం ఢీకొన్నప్పుడు గాయం కాకుండా స్తంభాలను తేలికగా, విరిగేలా చేస్తారు.

*కాలం.* ఆటను చక్కర్లుగా విభజిస్తారు. ఒక్కో చక్కర్ 7 నిమిషాలు. ఆ తరువాత గంట మోగుతుంది. ఆట ఆగకపోతే మరో 30 సెకన్ల వరకు సాగుతుంది. పోటీ స్థాయిని బట్టి నాలుగు నుంచి ఎనిమిది చక్కర్లు ఆడతారు. గోల్ పడిన ప్రతిసారీ జట్లు దిక్కులు మార్చుకుంటాయి. గాలి, ఎండ ఏ ఒక్క జట్టుకూ అనుకూలించకుండా ఈ ఏర్పాటు.

*స్థానాలు.* ఒకటి, రెండు సంఖ్యల ఆటగాళ్లు దాడికి దిగుతారు. మూడవ ఆటగాడు దాడినీ రక్షణనూ కలిపి నడిపిస్తాడు. సాధారణంగా జట్టులో అందరికన్నా నేర్పరి ఇతడే. నాలుగవ ఆటగాడు గోల్‌కు కాపలా. వీరిని గుర్రం మీద తిరిగే ఇద్దరు అంపైర్లు పర్యవేక్షిస్తారు. వారి అభిప్రాయాలు కలవకపోతే మైదానం బయట కూర్చున్న మూడో వ్యక్తి నిర్ణయం చెబుతాడు.

*బంతి దారి.* పోలో నియమాలకు ఇదే మూలం. కొట్టిన బంతి వెళ్తున్న దిక్కునే ఊహారేఖగా తీసుకుంటారు. ఆ రేఖ వెంట బంతిని కుడిచేతి వైపు ఉంచుకుని వస్తున్న ఆటగాడికి హక్కు ఉంటుంది. మరొకరు అతని ముందు నుంచి అడ్డంగా దూసుకుపోతే తప్పు. ఉదాహరణకు ఒకరు బంతి వెనకే దౌడు తీస్తున్నప్పుడు ప్రత్యర్థి పక్క నుంచి వచ్చి గుర్రాన్ని గుర్రానికి ఆనించి, భుజం భుజాన్ని ఒత్తుతూ అతణ్ణి రేఖ నుంచి తప్పించవచ్చు. ఆ చేరిక పక్కపక్కనే, దాదాపు సమాన వేగంతో జరగాలి. కోణం ఎక్కువైతే గుర్రాలు పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి అంపైరు ఈల వేస్తాడు. ప్రత్యర్థి కర్రకు తన కర్రను తగిలించి దెబ్బను ఆపడం కూడా చెల్లుతుంది, అయితే అది గుర్రం కాళ్ల ముందు నుంచో మీద నుంచో చేయకూడదు. తప్పు తీవ్రతను బట్టి 30, 40, 60 గజాల దూరం నుంచి పెనాల్టీ దెబ్బలు ఇస్తారు. ఎదురెదురు ఢీకొనే ప్రమాదం తప్పించడానికి ఎడమచేతి వాటం ఆటగాళ్లు కూడా కర్రను కుడిచేతనే పట్టాలి.

*హ్యాండికాప్.* ఆటగాళ్ల నైపుణ్యాన్ని -2 నుంచి 10 వరకు అంకెలతో కొలుస్తారు. 19వ శతాబ్ది చివర అమెరికాలో రూపొందిన ఈ పద్ధతి తరువాత భారత్‌లోనూ అమలైంది. జట్టు అంకె నలుగురి అంకెల మొత్తం. హ్యాండికాప్ పోటీలో జట్ల తేడాను చక్కర్ల సంఖ్యతో గుణించి 6తో భాగిస్తే బలహీన జట్టుకు ముందుగా ఇచ్చే గోల్స్ వస్తాయి. 8 అంకెల జట్టు, 5 అంకెల జట్టుతో నాలుగు చక్కర్ల ఆట ఆడితే తేడా 3. దాన్ని 4తో గుణించి 6తో భాగిస్తే 2. బలహీన జట్టు 2-0 ఆధిక్యంతో ఆట మొదలుపెడుతుంది. స్థాయి తేడా ఉన్నవారు కలిసి ఆడగలగడానికి ఈ పద్ధతి తోడ్పడింది. చిన్న క్లబ్బుల మనుగడకూ ఇది ఆధారం.

పరికరాలు

ఆట కర్ర పొడవు సాధారణంగా 48 నుంచి 54 అంగుళాలు. పట్టుకునే దండం పేముతో, చివరి తల గట్టి చెక్కతో చేస్తారు. బంతిని కొట్టేది తల కొనతో కాదు, దాని పక్క భాగంతో. గుర్రం ఎత్తును బట్టి కర్ర పొడవు మారుతుంది కాబట్టి ఆటగాడు పలు కొలతల కర్రలు దగ్గర ఉంచుకుంటాడు. బంతులను పూర్వం వెదురు దుంపతో చేసేవారు, ఆ బంతులకు బెంగాల్ పేరుపొందింది. నేడు ప్లాస్టిక్ బంతులు వాడుకలో ఉన్నాయి. శిరస్త్రాణం, మోకాటి తొడుగులు, పొడవు బూట్లు ఆటగాడికి తప్పనిసరి.

గుర్రాలు

ఎత్తు ఎంత ఉన్నా పోలో గుర్రాన్ని పోనీ అనే పిలుస్తారు. మణిపురి పోనీ ఎత్తు సుమారు 11 నుంచి 13 హ్యాండ్‌లు (ఒక హ్యాండ్ 4 అంగుళాలు). తొలి రోజుల్లో ఎత్తు మీద పరిమితి ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత దాన్ని ఎత్తివేయడంతో థరోబ్రెడ్ రక్తమున్న పెద్ద, వేగవంతమైన గుర్రాలు ఆటను ఆక్రమించాయి. కలకత్తా రేవుకు ఆస్ట్రేలియా నుంచి వేలర్ జాతి గుర్రాలు ఓడల్లో దిగేవి. అరబ్బీ గుర్రాలు ఎక్కువగా బొంబాయి ద్వారా వచ్చేవి.

ఆటకు ముందు గుర్రం తోకను జడగా అల్లి పైకి మడిచి కడతారు, జూలు కత్తిరిస్తారు. కర్ర గాని కళ్లెపు వారు గాని వాటిలో చిక్కుకోకుండా ఈ జాగ్రత్త. కాళ్లకు కింది భాగాన పట్టీలు చుడతారు. వేగం వల్ల గుర్రం త్వరగా అలసిపోతుంది కనుక ఒకే గుర్రాన్ని వరుసగా రెండు చక్కర్లు ఆడించరు. ప్రతి ఆటగాడికీ కనీసం రెండు మూడు గుర్రాలు అవసరం కావడం ఆట ఖరీదు పెరగడానికి ప్రధాన కారణం.

రకాలు

మైదాన పోలో: జట్టుకు నలుగురు. కలకత్తా క్లబ్బులో ఆడేది ఇదే.

సగోల్ కాంగ్జేయ్: మణిపురి సంప్రదాయ రూపం. జట్టుకు ఏడుగురు.

అరీనా పోలో: చుట్టూ గోడలున్న చిన్న స్థలంలో ముగ్గురు చొప్పున, పెద్ద రబ్బరు బంతితో ఆడతారు.

సైకిల్ పోలో: గుర్రాలకు బదులు సైకిళ్ల మీద ఆడేది. భారత్‌లో జాతీయ స్థాయి పోటీలు ఉన్నాయి.

పోలో ఒలింపిక్ క్రీడల్లో 1900, 1908, 1920, 1924, 1936 సంవత్సరాల్లో చోటుచేసుకుంది. ఆ తరువాత దాన్ని తొలగించారు.

ప్రాచీనతపై భిన్నాభిప్రాయాలు

ప్రపంచంలో అతి పాత పోలో క్లబ్బు ఏది అన్న ప్రశ్నకు మూడు సమాధానాలు ప్రచారంలో ఉన్నాయి. సిల్చర్ క్లబ్బు 1859లో ముందుగా పుట్టింది, అయితే కొనసాగలేదు. కలకత్తా క్లబ్బు స్థాపనను ఎక్కువ గ్రంథాలు 1862గా, కొన్ని 1863గా పేర్కొంటాయి. మాల్టా క్లబ్బు 1868 నాటిది కావడంతో యూరప్‌కు సంబంధించినంత వరకే ఆ ప్రత్యేకత చెప్పుకోగలదు. నిరంతరతను ప్రమాణంగా తీసుకుంటే కలకత్తాకూ, మొదట పుట్టినదాన్ని తీసుకుంటే సిల్చర్‌కూ ఆ స్థానం దక్కుతుంది. క్లబ్బు అనే వ్యవస్థకు వెలుపల, ఆట పరంగా చూస్తే మణిపూర్‌లోని మైదానాలు ఈ రెంటికన్నా ఎంతో పాతవి.

ప్రాముఖ్యం, విమర్శలు

క్లబ్బు చారిత్రక ప్రాధాన్యాన్ని మూడు అంశాలుగా చెప్పవచ్చు. ఒకటి, సరిహద్దు జిల్లాలో నేర్చుకున్న ఆటను సామ్రాజ్య రాజధానికి తెచ్చి, సైనిక దళాల ద్వారా ప్రపంచవ్యాప్తికి దారి వేసింది. రెండు, క్రమబద్ధమైన ట్రోఫీ పోటీల సంప్రదాయాన్ని నెలకొల్పింది. మూడు, యూరోపియన్ అధికారులు, సంస్థానాధీశులు, భారతీయ సైనికులు ఒకే మైదానంలో పోటీపడిన కొద్ది వేదికల్లో ఒకటైంది.

విమర్శలూ ఉన్నాయి. తొలి దశాబ్దాల్లో క్లబ్బు సభ్యత్వం యూరోపియన్లకే పరిమితం. గుర్రాలను పెంచి తయారుచేసిన సయీసుల శ్రమకు చరిత్ర రచనలో చోటు తక్కువ. మణిపురీలు నేర్పిన ఆట ఘనతంతా బ్రిటిష్ అధికారుల ఖాతాలోకి వెళ్లిందన్న వాదనను మణిపూర్ చరిత్రకారులు, క్రీడాభిమానులు గట్టిగా వినిపిస్తారు. లభించే ఆధారాలు ఈ వాదనను బలపరుస్తాయి. షేరర్, స్టూవర్ట్‌ల పాత్ర ఆటను వ్యవస్థీకరించడం, వ్యాప్తి చేయడం. ఆటను సృష్టించి, శతాబ్దాల పాటు కాపాడినవారు మణిపురీలు.

ప్రస్తుత స్థితి

శీతాకాలంలో సైనిక, ప్రైవేటు జట్లతో కలకత్తాలో పోటీలు జరుగుతున్నాయి. నగరం మధ్యలో గుర్రపుశాలల నిర్వహణ వ్యయం, ఆటగాళ్ల కొరత, మైదాన్ భూమి వినియోగంపై ఆంక్షలు క్లబ్బు ఎదుర్కొంటున్న సమస్యలు. ఆట మూలస్థానమైన మణిపూర్‌లోనూ చిత్తడి నేలలు, మేత బీళ్లు తగ్గిపోవడంతో మణిపురి పోనీల సంఖ్య ప్రమాదకరంగా క్షీణించింది. ఈ జాతి పరిరక్షణకు మణిపూర్ ప్రభుత్వం 2016లో ప్రత్యేక విధానం ప్రకటించింది. 2023 జనవరిలో ఇంఫాల్ సమీపంలోని హైంగాంగ్ వద్ద గుర్రంపై ఉన్న పోలో ఆటగాడి విగ్రహాన్ని 122 అడుగుల ఎత్తుతో ఆవిష్కరించారు. ఎజ్రా కప్పు నేటికీ కలకత్తా పోలో క్లబ్బు నిర్వహించే ప్రధాన ట్రోఫీ.